ఆచంద్రార్కం: రాగిరేకు నుంచి పెన్‌డ్రైవ్ దాకా

మా ఇంట్లో ఒక రేకు ట్రంకుపెట్టె ఉంది. 1986లో గుంటూరు జిల్లా పల్లెల్లో పొగాకు గ్రేడింగు పనికి పోయే కూలి ఆడవాళ్ల మాటలూ పాటలూ టేపు రికార్డరు మీద ఎక్కించాను. మొత్తం 14 క్యాసెట్లు. వాటిని విని ఒక లావుపాటి నోటుబుక్కులో రాసుకున్నాను. 1999లో ఆ రాతను డీటీపీ చేయించి ఫ్లాపీల్లో పెట్టించాను. 2004లో క్యాసెట్లను ఆరు సీడీల్లోకి మార్పించాను. 2012లో, అందరూ సీడీల కాలం పోయిందంటే, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నిశ్చింతగా ఉన్నాను. పెట్టెకు తాళం వేశాను.

ఈ మధ్య సంఘంలోని ఒక యువమిత్రుడు ఆ పాటలు పుస్తకంగా వేద్దామన్నాడు. పెట్టె తెరిచాం. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యమని అడుగుతోంది, అంటే ఖాళీ అన్నమాట. ఆరు సీడీల్లో నాలుగు చదవడం లేదు. ఫ్లాపీ పెట్టే యంత్రం కోసం ఊరంతా తిరిగి, చివరికి పాత సామాన్ల కొట్టులో ఒకటి సంపాదించాం. ఫ్లాపీ తెరుచుకుంది గాని, అందులో తెలుగు లేదు. ఆనాటి ఫాంటు ఇప్పటి యంత్రానికి తెలియదు గనుక పొడి అక్షరాల గందరగోళం కనిపించింది. అన్నిటికంటే పాతవైన క్యాసెట్లలో 11 పలికాయి. నోటుబుక్కు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"మాస్టారూ, ఇంతకీ వీటిని దేంట్లో పెడితే నిలుస్తాయి?" అని మిత్రుడు అడిగాడు. చిన్న ప్రశ్నే. కొట్టుకు పోయి అడిగితే ఒక వస్తువు పేరూ ధరా చెప్పి పంపిస్తారు. కాని నేను 40 ఏళ్లు ఆ రకంగానే సమాధానం తెచ్చుకున్నాను, ఫలితం ఆ పెట్టెలో ఉంది. అంచేత ఈ ప్రశ్నను చరిత్రలో పెట్టి చూడటం అవసరమనిపించింది.

1

మోసుకుపోగలిగేదీ, చెడిపోనిదీ అయిన రాతసాధనం కావాలన్న కోరిక కంప్యూటర్లతో పుట్టలేదు. శిలాశాసనం చెడదు గాని కదలదు. తాటాకు కదులుతుంది గాని చెడుతుంది. ఈ రెండు లోపాలూ లేనిది రాగిరేకు. వేంగి చాళుక్యుల తామ్రశాసనాలను చూస్తే ఆ కాలపు వాళ్లు ఈ సమస్యను ఎంత జాగ్రత్తగా ఆలోచించారో తెలుస్తుంది. కొన్ని రేకులు, వాటికి ఒక పక్క బెజ్జం, ఆ బెజ్జాల గుండా ఒక రాగి కడియం. మొదటి రేకు పైవైపూ చివరి రేకు వెనకవైపూ సాధారణంగా ఖాళీగా వదిలేవారు. ఒరిపిడి పడేది ఆ రెండు ముఖాలకే గనుక. లోపలి అక్షరాలు ఒకదానికొకటి రాసుకోకుండా చాలా రేకులకు అంచులు కాస్త ఎత్తుగా తీర్చేవారు. కడియం అతుకు మీద వరాహలాంఛనంతో "శ్రీ త్రిభువనాంకుశ" అన్న ముద్ర. మధ్యలో ఒక రేకు తీసేయాలన్నా కొత్తది చేర్చాలన్నా ఆ ముద్ర పగలగొట్టాల్సిందే. ఇవాళ ఫైలులోని అంకెలన్నిటినీ ఒక లెక్కలో పోసి చిన్న సంఖ్య తీసి పెట్టుకుని, రేపు అదే సంఖ్య వస్తే ఫైలు చెక్కుచెదరలేదని తేల్చుకుంటారు గదా; ఆ పని అప్పుడు రాజముద్ర చేసింది. అయినా కూటశాసనాలు పుట్టకపోలేదు. అది వేరే కథ.

ఇంత శ్రద్ధ ఏ రాత కోసం పెట్టారన్నది మనం అడగవలసిన ప్రశ్న. భూమి దానాల కోసం. ఫలానా గ్రామం, ఈ ఎల్లలు, పన్నులు లేకుండా, ఫలానా బ్రాహ్మణునికి లేదా ఆలయానికి ఆచంద్రార్కంగా ఇచ్చాం అన్న మాటలు రాగి మీదికెక్కాయి. ఆ భూమిని దున్నినవాడి మాట రాగి మీదికెక్కలేదు. గట్టి సాధనం ఎప్పుడూ ఖరీదైనదే. ఖరీదు పెట్టగలిగినవాడు ఏది నిలవాలనుకుంటాడో అదే నిలుస్తుంది. మనకు దొరికే పాత చరిత్రలో దానాలు ఎక్కువా, దున్నకాలు తక్కువా కావడానికి కారణం ప్రజలకు చరిత్ర లేకపోవడం కాదు, రాగి లేకపోవడం.

2

అయితే రాగి ఉంటే చాలునా? దీనికి తాళ్లపాక వారి కథే సమాధానం. అన్నమాచార్యుడు (1408–1503) పాడిన సంకీర్తనల్ని ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుడి పూనికతో రాగిరేకుల మీద చెక్కించారు. రెండు వేలకు పైగా రేకులు తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలోకి చేరాయి. రాగి తన పని తాను చేసింది. తాటాకయితే నాలుగు సార్లు చెడిపోయేంత కాలం అది చెడకుండా ఉంది. కాని ఆ భాండారం తలుపుల వెనక వేల పాటలు ఎవరి నోటా పలకక పడి ఉన్నాయి. 20వ శతాబ్దంలో వాటిని వెలికితీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించి అచ్చుకు తెచ్చేదాకా లోకానికి వాటి సంగతి సరిగా తెలియదు. అప్పుడు తేలిన విషయం మరొకటుంది. రేకు మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. పాట మిగిలింది, పాడిన తీరు పోయింది. ఇవాళ మనం వింటున్న వరసలు చాలావరకు మన కాలపు సంగీతజ్ఞులు కట్టినవే.

దీని పక్కన క్షేత్రయ్య పదాలను పెట్టి చూడండి. వాటిని బతికించింది కలావంతుల గొంతులూ అభినయమూ. సమాజం ఎవరిని చిన్నచూపు చూసిందో ఆ ఆడవాళ్లే తల్లి నుంచి కూతురికి, గురువు నుంచి శిష్యురాలికి ఆ పదాలను అందించారు. వేమన సంగతీ అంతే. ఆయన పద్యాలకు రాగి దక్కలేదు. జనం నోళ్లలోనూ, ఊరికొకటిగా ఉన్న తాటాకు ప్రతుల్లోనూ అవి బతికాయి. పాఠాలు కలిసిపోయాయి, ఇతరుల పద్యాలు వచ్చి చేరాయి, నిజమే. కాని చావలేదు.

గట్టి వస్తువు మీద ఒక్క ప్రతి, మెత్తటి వస్తువు మీద వంద ప్రతులు, ఈ రెండిట్లో రెండోదే మెరుగని తాటాకు సంస్కృతి మనకు నేర్పింది. తాటాకును ఆరబెట్టి, గంటంతో గీసి, మసి రుద్ది, పసుపూ నూనే పట్టించి, రెండు చెక్కల మధ్య బిగించి కట్టినా, మన ఉక్కకూ పురుగుకూ అది ఎల్లకాలం తట్టుకోదు. ఆ సంగతి లేఖకులకు తెలుసు. నీటి నుంచి, నూనె నుంచి, వదులు కట్టు నుంచి, మూర్ఖుడి చేతి నుంచి పుస్తకాన్ని కాపాడమని ప్రతి చివర వేడుకోవడం ఒక ఆచారం. పుస్తకం చెడకముందే మళ్లీ రాయడం వాళ్ల పద్ధతి. ఆ తిరగరాసే శ్రమే తెలుగు సాహిత్యాన్ని మన దాకా మోసుకొచ్చింది. సి.పి. బ్రౌన్ (1798–1884) చేసిందీ ఆ పనే. కడపలో పండితుల్ని జీతాలకు పెట్టుకుని, ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పోల్చి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. ఆయన కంపెనీ ఉద్యోగి అన్న సంగతి మరవనక్కర్లేదు. ఆ రాతలన్నిటి వెనకా జీతానికి కూర్చుని వేళ్లు అరగదీసుకున్న లేఖకుల శ్రమ ఉందన్న సంగతి అసలే మరవకూడదు.

3

ఇక యంత్రాల కాలానికి వద్దాం. 1956లో ఐబీఎం కంపెనీ తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. టన్నుకు పైగా బరువు. పట్టేది 50 లక్షల అక్షరాలు. 1971లో అదే కంపెనీ ఎనిమిది అంగుళాల ఫ్లాపీని తెచ్చింది. అది ఐదుంబావు అంగుళాలకూ, తర్వాత మూడున్నరకూ తగ్గి, 1.44 మెగాబైట్ల దగ్గర ప్రపంచమంతా స్థిరపడింది. 2011లో సోనీ ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. పుట్టుక నుంచి సెలవు దాకా 40 ఏళ్లు. ఒక మనిషి ఉద్యోగకాలం అనుకోండి.

ప్రతి సాధనానికీ చావు ఒక్కో రకంగా వస్తుంది, ఆ రకం తెలుసుకోవడం మంచిది. ఫ్లాపీ, క్యాసెట్, హార్డ్‌డిస్క్ అయస్కాంతపు రాతలు. హార్డ్‌డిస్క్‌లో చదివే మొన పళ్లేనికి తగలకుండా వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎడంలో తేలుతుంది. తిరుగుతుండగా కింద పడితే ఆ మొనే రాతను గీకేస్తుంది. ఇంట్లో రాసుకునే సీడీలో గుంటలు ఉండవు, ఒక రంగుపూత ఉంటుంది. లేజరు దాన్ని మార్చి రాస్తుంది. ఎండకూ వేడికీ ఆ రంగు పాడవుతుంది. దాని అద్దంలాంటి పొర పేరు రాసుకునే వైపునే పల్చటి పూత కింద ఉంటుంది. నేను ఆ వైపు బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి తేదీలు వేశాను. చదవని నాలుగు సీడీల్లో మూడింటి మీద ఆ తేదీలు చక్కగా కనిపిస్తున్నాయి.

పెన్‌డ్రైవ్‌కూ కొత్తరకం ఎస్ఎస్‌డీకీ ఆధారమైన ఫ్లాష్ మెమరీని 1980లలో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువొకా కనిపెట్టాడు. అందులో రాత అంటే గోడలు కట్టిన చిన్న గదుల్లో బంధించిన ఎలక్ట్రాన్లు. కరెంటు అందకుండా ఏళ్ల తరబడి పెట్టెలో ఉంటే అవి మెల్లగా కారిపోతాయి. వేడి ఎక్కువైతే త్వరగా కారతాయి. రాసి రాసి అరిగిన మామూలు ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర, కరెంటు లేకుండా, ఒక ఏడాది రాతను నిలిపితే చాలునని ఆ పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణమే చెబుతుంది. కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుపుతుంది. కాని మన వేసవిలో రేకు పెట్టె లోపలి వేడి 30 డిగ్రీలు కాదని వేరే చెప్పనక్కర్లేదు. రాతిపూత వంటి పొర మీద రాసే ఎం-డిస్క్ వెయ్యేళ్లు ఉంటుందని దాన్ని చేసినవారు అన్నారు. రంగుపూత సీడీ కంటే అది గట్టిదే. అయితే ఆ వెయ్యేళ్లు ఎవరూ ఆగి చూసినవి కావు, ప్రయోగశాల లెక్కలు. రాజుగారి ఆచంద్రార్కం, కంపెనీవారి వెయ్యేళ్లు, రెండూ ఒక వంశానివే.

4

వస్తువు నిలిచినా చదివేది పోతే ఏమవుతుందో ఇంగ్లండు కథ చెబుతుంది. 1086లో విజేత విలియం తన రాజ్యంలో ఎవరికెంత భూమి, ఎన్ని ఎడ్లు అని లెక్క కట్టించి తోలు మీద రాయించాడు. అది డూమ్స్‌డే పుస్తకం. అదీ పన్నుల కోసమే. దాని 900 ఏళ్ల సందర్భంగా 1986లో బీబీసీ కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. పది లక్షల మందికి పైగా, చాలామంది బడిపిల్లలు, తమ ఊళ్ల గురించి రాశారు. నిజంగా ప్రజలు రాసుకున్న చరిత్ర. దాన్ని లేజర్‌డిస్కుల మీద, ఆనాటి ఒక ప్రత్యేక కంప్యూటరుకు మాత్రమే తెలిసే పద్ధతిలో పెట్టారు. 15 ఏళ్లు తిరిగేసరికి ఆ యంత్రాలు కరువయ్యాయి. 2002 ప్రాంతంలో లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయాల వారు పాత యంత్రాన్ని కొత్త యంత్రంలో అనుకరించి చూపిస్తే గాని గండం గట్టెక్కలేదు. ఆ మధ్యకాలమంతా 900 ఏళ్ల తోలుపుస్తకం మాత్రం, లాటిన్ వచ్చినవాడు ఎవడైనా చదివేలాగే ఉంది.

మనకు ఇంతకంటే దగ్గరి కథ తెలుగు ఫాంట్లది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు వచ్చింది. కాని ఆ పదేళ్లూ, ఆ తర్వాత చాలాకాలమూ మన పత్రికలు, పుస్తకాలు, కరపత్రాలు డీటీపీ ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫాంట్లలో "క" అన్నది నిజానికి ఒక ఇంగ్లీషు అక్షరం తొడుక్కున్న వేషం. ఒక్కో కంపెనీ ఒక్కో వేషం. ఫాంటు లేకపోతే వేషం ఊడిపోయి గందరగోళం మిగులుతుంది. రాగిరేకు మీద స్వరం పోయినట్టే, ఫ్లాపీ మీద అక్షరం పోయింది. తెలుగు రచయితల ఇళ్లల్లో పాతికేళ్ల సాహిత్యం ఇలా వేషాల్లో పడి ఉంది. మార్పిడి చేసే సాధనాలు ఉన్నాయి; తప్పులు దిద్దే మనిషి శ్రమే కావాలి. ఈ పని రచయితలు బతికుండగా జరగాలి.

ఇదంతా సాంకేతిక ప్రగతికి సహజమని అనేవారున్నారు. సగం నిజం. మార్కెట్టుకు కావలసింది వస్తువు నిలవడం కాదు, మళ్లీ అమ్ముడుపోవడం. పదేళ్లకొక తొడుగు మారితే అదే పాటను నువ్వు నాలుగుసార్లు కొనుక్కుంటావు. నిలిపే బాధ్యత మార్కెట్టు ఎప్పుడూ తీసుకోలేదు.

అయితే మేఘంలో పెట్టండి అంటున్నారు. అది మేఘం కాదు, ఎవరిదో కంప్యూటరు, మనం అద్దెకున్నాం. మన తెలుగు కుర్రవాళ్లు ఎన్నో కబుర్లు రాసుకున్న ఆర్కుట్ 2014లో మూతపడింది. 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు యంత్రాల మార్పిడిలో పోయాయని మైస్పేస్ 2019లో ఒప్పుకుంది. ఐదు కోట్లకు పైగా పాటలని అంచనా. అద్దె ఇంట్లో ఒక ప్రతి ఉంచడం తప్పు కాదు. అదొక్కటే ఇల్లనుకోవడం తప్పు.

5

మరి ఏం చెయ్యాలి? పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు చెప్పి ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్క ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. మా మిత్రుడికి నేను దాన్ని మన ఇళ్లకు తగినట్టు ఇలా చెప్పాను. పెద్ద పనికి హార్డ్‌డిస్క్ చవక, కింద పడనివ్వకు. సంచిలో మోయడానికి ఎస్ఎస్‌డీ మేలు, ఏడాదికి రెండు మూడుసార్లు కరెంటు చూపించు, అన్నీ తెరిచి చూడు. పెన్‌డ్రైవ్ సంచీయే గాని ఇనప్పెట్టె కాదు. అన్నిటికంటే ముఖ్యమైన కొద్దిపాటిని ఎం-డిస్క్ మీద కూడా రాయి. రాతను యూనికోడ్ సాదా పాఠంగా, పాటను కుదించని ధ్వనిగా దాచు. వీలైనంత కాగితం మీద అచ్చుతియ్యి. ఐదేళ్లకొకసారి అంతా కొత్త సాధనం మీదికి తిరగరాయి, తాటాకు లేఖకుడిలాగే.

వేరే చోట అన్నమాటను తేలిగ్గా తీసుకోకూడదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలను మింగింది. మిగిలినవారికి తాము ఎవరో, తమ పొలం ఏదో చెప్పే ముక్క కాగితం మిగల్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఇళ్లల్లోకి వచ్చింది. పక్క గదిలో రెండో ప్రతి ఉంచుకున్నవాడికి ఉప్పెనలో ఒక్క ప్రతి కూడా లేనట్టే.

ప్రతి ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు. 1998లో పిక్సార్ సంస్థలో "టాయ్ స్టోరీ 2" సినిమా ఫైళ్లు పొరపాటున చెరిగిపోయాయి. టేపుల మీద ప్రతులున్నాయనుకున్నారు. తెరిస్తే అవి పనికిరాలేదు, ఎవరూ ముందు పరీక్షించలేదు. గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలు బిడ్డను చూసుకుంటూ ఇంటి దగ్గర పనిచేయడానికి పెట్టుకున్న యంత్రంలోని ప్రతి సినిమాను కాపాడింది. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన 1969 నాటి అసలు టేపులు కొరత కాలంలో చెరిపి తిరిగి వాడేసినట్టున్నాయని నాసా 2009లో తేల్చింది. ప్రసారం చేసిన సంస్థల దగ్గర మిగిలిన ప్రతుల నుంచే బొమ్మను బాగుచేసుకున్నారు. అంత పెద్ద సంస్థల్ని ఆదుకున్నదీ ఇతరుల చేతుల్లో ఉన్న ప్రతే.

6

ఒక వ్యక్తి సొంత కాగితాలకు ఇంత గొడవ ఎందుకని ఒక విమర్శ రావచ్చు. ప్రజల చరిత్రకు వేరే కాగితాలు లేవని నా సమాధానం. పాలకుల చరిత్రకు కచేరీలున్నాయి, భాండారాలున్నాయి. కూలివాడి చరిత్ర ఒక కూలి చీటీలో, ఒక ఉత్తరంలో, పెళ్లి ఫొటో వెనక రాసిన తేదీలో, ఫోనులో పాడిన పాటలో ఉంటుంది. అవి ఎవరి సొంత కాగితాలో వాళ్లవి. అవి పోతే మళ్లీ దానశాసనాలే మిగుల్తాయి.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. పలకని మూడు క్యాసెట్లలో ఒకదాని మీద ఒక వృద్ధురాలి పాట ఉంది. బేళ్ల మధ్య కూర్చుని ఆకు రకాలు వేరుచేస్తూ, మేస్త్రీ తూకంలో చేసే మోసాన్ని ఆకు రంగులతో పోల్చి పాడిన పాట. నోటుబుక్కులో దాని మాటలు సగమే రాసుకున్నాను. మిగతాది టేపులో ఉందిగదా అనుకున్నాను. ఆమె 1994లో పోయింది. ఇప్పుడు ఆ ఊరు వెళ్లాం. ఆమె మనవరాలు, "మా నాన్న దగ్గర మీరిచ్చిన క్యాసెట్టు ఉండేది బాబాయిగారూ, ఫోనులోకి ఎక్కించుకున్నాం" అంది. 1986లో మర్యాదకు ఒక క్యాసెట్టు కాపీ చేసి ఇచ్చిన సంగతి నేను మరచిపోయాను. విన్నాం. పాట సగం దాకా ఉంది. అక్కడి నుంచి ఎవరో దాని మీద సినిమా పాట ఎక్కించారు. ఆ సగం నా నోటుబుక్కులో లేని సగం. రెండూ కలిపితే ఒకటి రెండు చరణాలు తప్ప పాట వచ్చింది. ఆ తప్పిపోయిన చోట మనవరాలు తనకు గుర్తున్నట్టు పాడింది. అదీ రాసుకున్నాం, ఆమె పాడిందని చెప్పి.

ఆనాడు 14 క్యాసెట్లకూ కాపీలు తీసి, పాడినవారి ఇళ్లకు ఇచ్చి ఉంటే నాకు ఖర్చయ్యేది ఒక నెల జీతంలో చిన్న భాగం. నేనివ్వలేదు. వాళ్ల పాటలను నా సేకరణ అనుకుని తాళం వేశాను. భాండారం తలుపు వేసినవారికీ నాకూ ఈ విషయంలో తేడా లేదు. వాళ్లది రాగి, నాది రేకు.

ఇప్పుడు పలికిన 11 క్యాసెట్ల ప్రతులు మూడు చోట్ల ఉన్నాయి. నాలుగో ప్రతి ఆ ఊళ్లో పాడినవారి పిల్లల ఫోనుల్లో ఉంది. ఏది బయటపెట్టవచ్చో, ఏది ఇంట్లోనే ఉండాలో వాళ్లు చెప్పారు. ఆ ప్రకారమే పుస్తకం వస్తుంది. ఫ్లాపీలోని రాతను యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దే పని సగమైంది. మిగతా సగానికి చేతులు కావాలి. శనివారం సాయంత్రాలు సంఘం గదిలో కూర్చుంటున్నాం. మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే, తాళం తీసి, దాంతో సహా రండి.